మాబమ్మ కోసం చూసిన వాసన

శుక్రవారం పొద్దున ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుటి దుకాణాల్లోకి ఫకీరు సాంబ్రాణి ధూపం పట్టుకొని వస్తాడు. నెమలీకల కట్టతో పొగను గల్లాపెట్టె వైపు విసురుతాడు. కొట్లో ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకొని ఆ పొగను మొహానికి అద్దుకుంటారు. నేను మాత్రం సంచి అక్కడే వదిలేసి బయటికొచ్చి నిలబడతాను. మంచి వాసనే, కాదనను. కానీ దాని అడుగున నాకు ఇంకో వాసన తగులుతుంది. వెంటనే మాబమ్మ గుర్తొస్తుంది.

మాబమ్మ మా ఇంటి ఓనరు. మావారికి ఆదిభట్లలో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి ఇబ్రహీంపట్నం వచ్చి ఆమె ఇంట్లో ఒక పోర్షన్‌లో అద్దెకు దిగాం. రెండో పోర్షన్‌లో ఆమె ఒక్కతే ఉండేది. భర్త యాచారం రూట్లో ఆటో నడిపేవాడట. కరోనా ఇద్దరికీ వచ్చింది. ఆయన దవాఖాన నుంచి తిరిగి రాలేదు. ఆమె బతికి బయటపడింది గానీ, వాసన తెలియడం మాత్రం పూర్తిగా పోయింది. మేం దిగిన మర్నాడే పాలగిన్నెతో మా గుమ్మంలోకి వచ్చింది.

“జర వాసన చూడు బిడ్డా. ఖరాబైనయా?”

“పర్లేదండి.”

“పర్లేదంటే ఏంది? నాకు తెల్వకనే కద నిన్ను అడుగుతున్న. మంచిగున్నయా, లేవా?”

అలా నా ముక్కు ఆమె వంటింట్లో కొలువుకు కుదిరింది. మాడిన పోపు, పులిసిన పిండి, గ్యాస్ బండ, అన్నింటికీ నాకే పిలుపు. మొహమాటానికి అబద్ధాలాడే అలవాటు నాకు బాగా ఉండేది. ఆమె దగ్గర అది సాగలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆమె తృప్తిగా తలూపి వెళ్ళిపోయేది. మెచ్చుకోవడం ఆమెకు తెలిసిన విద్య కాదు.

ఆ ఎండాకాలం మేం ఊరెళ్ళినప్పుడు మా వంటింట్లో ఫ్రిజ్ వెనక వైరు అంటుకుంది. కిటికీలోంచి నల్లటి పొగ రావడం చూసి మాబమ్మ కేకలు వేస్తే వాడకట్టువాళ్ళొచ్చి ఆర్పారు. కాలింది వంటిల్లే. కానీ ప్లాస్టిక్ పొగ ఇల్లంతా జిడ్డులా పట్టేసింది. మా పాపకు ఆయాసం. గడప దాటగానే దగ్గు, ఆ వెనకే పిల్లికూతలు. మాబమ్మ గదిలో తలదాచుకుంటూ రోజూ పాపను మా పోర్షన్‌లోకి తీసుకెళ్ళి చూడటం, రోజూ ఎత్తుకొని బయటికి పరుగెత్తడం. వాసన పోకపోతే ఇల్లు ఖాళీ చేద్దామని మావారు తేల్చేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఊరుగాని ఊళ్ళో నాకున్న తోడు ఆ మనిషే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మా అత్తగారు వస్తూనే సాంబ్రాణికి నిప్పులు కావాలన్నారు. దిష్టి పోవాలి, వాసన పోవాలి అంటూ గదిగదికీ ధూపం పట్టారు. మాబమ్మ గుమ్మంలో నిలబడి చూసి, “పొగను పొగతోని కడుగుతరా అక్కా?” అంది. అత్తగారికి కోపం వచ్చింది. ఇంట్లో పొగ రెండు రకాలైంది.

మాబమ్మ తక్కువ తిన్నదేం కాదు. పేంటరును పిలిచి మసి మీదే తెల్లరంగు వేయించింది. గోడలు మెరిశాయి. నాలుగు రోజులకే పసుపుపచ్చ మరకలు పైకి తేలాయి, వాటితోపాటు వాసనా. “తప్పు నాదే. మళ్ళ గీకుదాం పా” అని చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. ఇద్దరం గోడలు గీకి, సర్ఫు నీళ్ళతో కడిగాం. ఫ్యాను రెక్కలు, స్విచ్చుబోర్డు మూతలు, తలుపుల పైఅంచులు, దోమల జాలీలు అన్నీ తుడిచాం. మళ్ళీ రంగు వేయించాం.

ఇక ఏ వాసనా లేదన్నాడు పేంటరు. లేదన్నారు మావారు. “అంతా నీ భ్రమ. పాపకి నీ భయమే అంటుకుంది” అని కూడా అన్నారు. నాకు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర వస్తూనే ఉంది. ఏ వాసనా ఎరగని మాబమ్మ ఒక్కతే నా పక్షాన నిలిచింది.

“నాకు రాదు. గట్లని కూరకు వాసన లేదంటనా? బిడ్డ వస్తుందంటే వస్తున్నట్టే. ఎక్కడ్నో చెప్పు బిడ్డా, దేవులాడుదాం.”

తలెత్తి చూశాను. గుమ్మం పైన చెక్కతలుపుల సజ్జ. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే అది తనదని మాబమ్మ తాళం వేసుకుంది. ఆమె వెళ్ళి తాళంచెవి తెచ్చింది. లోపల మూత సరిగా పడని రేకు సందుగ, అందులో ఒక మూట.

“మా ఆయన బట్టలు. దవాఖానకు పోయేనాడు ఇడిసినవి. ఉతకలే. ముక్కు మళ్ళొస్తే ఒక్కపారి వాసన చూద్దామని ఉంచిన.”

ఖాకీ చొక్కా తీసి నా చేతికిచ్చింది.

“పొగ ఒక్కటేనా? ఇంకేమన్న ఉన్నదా? మంచిగ చూడు.”

చొక్కాలో మొహం పెట్టాను. కాలర్లో వెతికాను, చంకల్లో వెతికాను. చెమటో, బీడీయో, ఏదో ఒకటి దొరకాలని ఎంత కోరుకున్నానో! ఉందని ఒక్క మాట అంటే ఆమె ఆ మూటను తన గదిలో దాచుకునేది. నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆమెకు నా ముక్కు తప్ప ఇంకో ముక్కు లేదు.

“పొగే మాబమ్మా. ఇంకేం లేదు.”

“ఇంకోపారి చూడు.”

చూశాను. లేదన్నాను.

ఆమె నల్లా కింద బకెట్టు పెట్టి తిప్పింది. “అయితే నానబెట్టు” అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె సర్ఫు కలిపింది. ఆరాక డాబా మీది నుంచి తెచ్చి, “ఇప్పుడు?” అని అడిగింది. ఎండ వాసన అన్నాను. తలూపింది.

ఆ వారమే పాప ఆ ఇంట్లో దగ్గు లేకుండా నిద్రపోయింది. మాబమ్మ ఆ చొక్కాలు, లుంగీలు కలిపి బొంత కుట్టి తెచ్చింది. “పిల్లకు కప్పు. ముక్కున్నోళ్ళ ఇంట్ల ఉండాలె ఇది” అంది.

ఆమె పోయి రెండేళ్ళయింది. ముక్కు తిరిగి రానేలేదు. ఇప్పుడు ఎవరైనా తమకేదో వాసన వస్తోందంటే, నాకు రాకపోయినా లేచి వెతుకుతాను. బొంత మడతపెట్టేటప్పుడు ఒకసారి మొహానికి ఆనించుకుంటాను. సబ్బు, ఎండ, నా కూతురి తలనూనె. మాబమ్మ వచ్చి అడిగితే అంతే చెబుతాను, ఇంకేమీ కలపను.