ఎవరప్పా కదిలింది?

పుత్తూరులో మా మేనమామ పాట వినేటప్పుడు ఆయన నోట ఒకటే మాట: "ఎవరప్పా కదిలింది?"

వాళ్ల నాయన కాలంనాటి యాంప్లిఫయరు ఒకటి ఉండేది ఆయనకి, గాజు వాల్వులతో నడిచేది. సాయంత్రం అది వేడెక్కి పాట అందుకుందంటే ఇంటిల్లిపాదీ చాపమీద బొమ్మల్లాగా కూర్చోవాల్సిందే. పాట మంచి పట్టులో ఉండంగా శబ్దం ఉన్నట్టుండి పోయేది. మామ ఒక్కొక్కరి మొహమే చూసేవాడు. ఒకరోజు తప్పు తుమ్మిన అల్లుడిది, ఇంకోరోజు వంటింట్లో మిక్సీది. ఆఖరికి పాలు పోసేవాడు కూడా మామ వాకిట్లో మునివేళ్ల మీద నడిచేవాడు.

ఒకసారి దాన్ని తిరుపతికి మోసుకుపోయినాం. మెకానిక్కు వాల్వులన్నీ పీకి, తుడిచి పెట్టి, పొద్దస్తమానం పాడించి చూసినాడు. ఆడ ఒక్కసారి కూడా ఆగలేదు.

"సూసినారా? దోషం పెట్టెలో లేదు, మీలో ఉండాది" అన్నాడు మామ, కోర్టులో కేసు గెలిచినోడి మాదిరిగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెట్టె పాడించినాక, నేను పాట వినడం మానేసి ఆయన్నే చూసినాను. పాట రక్తి కట్టేకొద్దీ, కుర్చీలో కూర్చున్న మామ మోకాలు తాళం వేస్తా, యాంప్లిఫయరు పెట్టిన బల్లకి కొట్టుకుంటా ఉండాది. గట్టిగా తగిలినప్పుడల్లా లోపల ఏదో వాల్వు అదిరి శబ్దం పోతా ఉండాది.

వంటింట్లోకి పోయి అత్తకి ఈ సంగతి చెప్పినాను. ఆమె తాలింపు మీంచి తల కూడా ఎత్తలేదు.

"పెళ్లైన కొత్తలోనే కనిపెట్టినా నాయనా. ఆయనకి మాత్రం చెప్పబాక. పెట్టె ఆగకుండా పాడిందనుకో, ఆయన కూడా గొంతు కలుపుతాడు. ఆ పాట నువ్వింకా వినలేదు."