ఏడాదికి పెట్టిన పచ్చడి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మావాళ్ళెవరూ చెప్పలేదు. సెలాం చెప్పింది. ఆదివారం పొద్దున్నే పర్చూరులో నేనింకా పాలగిన్నె పొయ్యి మీద పెట్టనేలేదు, ఫోను మోగింది. "అక్కా, పెద్దమ్మ లేవట్లేదు" అంది. లేవకపోవడమేంటని కసిరాను. "పిలిచాను అక్కా. చెయ్యి చల్లగా ఉంది" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు.

సెలాంది ఇథియోపియా. తాడేపల్లిలో పెద్దమ్మ ఇంటి మేడ మీద అద్దెకుండే ముగ్గురమ్మాయిల్లో ఒకతె. మిగతా ఇద్దరిలో అమీనాది సూడాన్, ఎబెలెది నైజీరియా. ముగ్గురూ ఆఫ్రికా నుంచి ఇక్కడి యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చారు. నేను పెద్దమ్మా అని పిలవడం విని, తెలుగులో ఇంటి ఓనరుని అలాగే అంటారనుకుని వాళ్ళూ అదే పిలుపు పట్టుకున్నారు. ఆవిడ దిద్దలేదు. నన్నూ దిద్దనివ్వలేదు.

బస్సులో ఉన్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడ లేని ఇంట్లో ఈ పిల్లల్ని ఎవరుండనిస్తారన్న ఆలోచన ఒక్కటే బుర్రలో తిరిగింది. నిజానికి ఈ భయం నాది కాదు, ఆవిడది. రోజూ సాయంత్రం ఫోనులో నాకు కొంచెం కొంచెంగా అంటించింది. "ఒసేయ్, అమీనా ఇంకా రాలేదే" అని మొదలుపెట్టేది. పర్చూరులో కూర్చుని నేనేం చెయ్యను? అయినా ఆ పిల్ల గేటు చప్పుడు వినబడేదాకా ఫోను పెట్టేది కాదు. నా పొయ్యి మీద కూర మాడిన రోజులు చాలా ఉన్నాయి.

పెద్దమ్మ సింగరాయకొండ వైపు హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయింది. మీలో ఎవరైనా ఆవిడ దగ్గర చదువుకుని ఉంటే, సుద్దముక్క ఎత్తకుండా బోర్డు మీద ఆఫ్రికా పటం గీసెయ్యడం గుర్తుండే ఉంటుంది. పైన ఎడారి, మధ్యలో అడవి, పక్కన నైలు నది. ఒక్క పీరియడ్‌లో ఖండం అయిపోయేది. ఈ పిల్లలు ఇంట్లో దిగాక ఆ పాఠం తలుచుకుని తనని తాను తిట్టుకునేది. "అన్నేళ్ళు చెప్పానే, అక్కడ మనుషులుంటారన్న సంగతి ఒక్కరోజన్నా చెప్పానా?" అనేది. కొంచెం ఎక్కువ చేసేది లెండి. పాఠంలో మనుషుల గురించి ఒక పేరా ఉండేది. దాన్ని ఇంటి దగ్గర చదువుకోమని వదిలేసింది మాత్రం ఆవిడే.

మొదటి క్రిస్మస్‌కి పెద్ద ఘోరం జరిగింది, ఆవిడ లెక్కలో. మాది తాతల నాటి నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. మిరపచేలల్లో కూలికి వెళ్ళిన రోజుల్లో కూడా మా తాత ఆ ఒక్కరోజు ఇంట్లో కోడికూర ఉండేలా చూసుకునేవాడట. పెద్దమ్మ కోడికూర, గారెలు చేసి ముగ్గుర్నీ కిందకి పిలిచింది. సెలాం కూర వైపు చెయ్యే చాచలేదు. ఉత్త గారె తుంచుకు తింటూ కూర్చుంది.

"నువ్వు క్రైస్తవురాలివే కదమ్మా. క్రిస్మస్ పూట ఉపవాసమేంటి?" అని పెద్దమ్మ నిష్ఠూరమాడింది.

"మా క్రిస్మస్ ఇంకా రాలేదు పెద్దమ్మా" అంది ఆ పిల్ల.

వాళ్ళది జనవరి ఏడున. అప్పటిదాకా మాంసం, పాలు, పెరుగు, నెయ్యి ఏవీ ముట్టరు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను. "మన ఊళ్ళకి దొరలు రాకముందు, ఎన్నో వందల ఏళ్ళ నాటి క్రైస్తవులటే వాళ్ళు. అలాంటి పిల్లకి క్రిస్మస్ ఎప్పుడో నేను చెప్పబోయాను చూడు" అని ఒకటే బాధ. జనవరి ఏడున మళ్ళీ కోడికూర వండింది. అప్పటి నుంచి ఏ పని తలపెట్టినా, "ముందు అడుగు, తర్వాత వండు" అనేది. చీర కొనడానికి వెళ్ళినా అదే మాట.

అడగడం మొదలుపెట్టాక ఆవిడని ఎవరూ ఆపలేకపోయారు. ఒకరోజు ఎబెలె కోసం వాళ్ళ దేశపు స్నేహితురాలు వచ్చింది. ఇద్దరూ ఇంగ్లీషులో కబుర్లాడుకుంటున్నారు. తన ముందు కావాలనే అలా మాట్లాడుతున్నారేమోనని పెద్దమ్మకి అనుమానం వచ్చి అడిగేసింది. ఇద్దరి భాషలూ వేరట, ఒకరిది ఇంకొకరికి ముక్క అర్థం కాదట. ఎబెలె చర్చికి వెళ్తుంది, ఆ వచ్చిన పిల్ల నమాజు చేస్తుంది. "ఒక్క నైజీరియాలోనే వందల భాషలున్నాయటే" అని నాకు చెప్పి, "మనమూ అంతేగా, ఒరిస్సావాళ్ళు ఎదురైతే ఏం మాట్లాడతాం?" అని నవ్వింది.

సెలాం ఒకసారి తన భాష అక్షరాలు రాసి చూపించింది. ఒక్కో అక్షరానికీ పక్కనో కిందో చిన్న గీత మారుతూ వరస సాగింది. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని చూసి, "ఇవి గుణింతాలే!" అంది. ఆ కాయితం ఫొటో తీయించి నాకు పంపింది. ఇక అమీనాది వేరే కథ. ఆమె మాట్లాడేది అరబ్బీ. వాళ్ళ నాయనమ్మకి మాత్రం నైలు ఒడ్డున మాట్లాడే పాత భాష ఒకటుంది. అది అమ్మకి సగం వచ్చు, అమీనాకి రాదు. అది విన్నప్పటి నుంచి పెద్దమ్మకి నిద్రపట్టలేదు. "నాయనమ్మకి ఫోను చేశావా? ఈ వారం ఎన్ని మాటలు నేర్చుకున్నావు?" అని ఆ పిల్లని వేపుకు తినేది. ముసలావిడ పోతే ఆ మాటలు కూడా పోతాయని ఆవిడ భయం. యుద్ధం వచ్చి ఆ ఇంటివాళ్ళు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. దాంతో ఆ భయం ఇంకా పెరిగింది.

వీధిలో అందరూ మంచివాళ్ళే, కానీ అందరూ చూసేవాళ్ళు. ఎదురింటాయన ఒకసారి, "ఈ ఆఫ్రికావాళ్ళు ఏం తింటారండీ?" అని అడిగాడు. "ఏ పిల్ల సంగతి అడుగుతున్నారండీ? మా ఇంట్లో మూడు వంటలు జరుగుతాయి" అంది పెద్దమ్మ. నోరు గట్టిదే గానీ లోపల భయమే. ఒకనాడు ఎవరో కుర్రాళ్ళు ఎబెలె వెనకాలే ఫోన్లతో ఫొటోలు తీసుకుంటూ సందు దాకా వచ్చారు. ఆ మర్నాటి నుంచి పొద్దు వాలేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ముగ్గురూ ఇల్లు చేరేదాకా లేచేది కాదు.

ఈ ఏడు ఆవిడకి కొత్త కంగారు పట్టుకుంది. అందరి ఉపవాసాలూ ఒకే వారంలో మొదలవుతున్నాయి. సెలాంకి సోమవారం నుంచి, మాకూ ఎబెలెకీ భస్మ బుధవారం నుంచి ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలం, ఆ వెంటనే అమీనాకి రంజాను. ఒకరు తెల్లవారకముందే తింటారు, ఒకరు మధ్యాహ్నం దాటాక పాలూ నెయ్యీ లేకుండా తింటారు. ఎవరికేం పెట్టాలి? ఆలోచించి ఆలోచించి పండుమిరపకాయలు తెప్పించింది. "అన్నంలో పచ్చడేసుకుంటే ఎవరి దేవుడూ కాదనడు" అంది. శనివారం నలుగురూ కలిసి తొడిమలు తీసి, కచ్చాపచ్చాగా దంచి, ఉప్పూ పసుపూ కలిపి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకెత్తి గుడ్డ కట్టారు. మూడోరోజు తీసి మెత్తగా రుబ్బితే ఏడాది నిలవ. ఆ మూడోరోజు ఆవిడ చూడలేదు.

సోమవారం సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాం. ముగ్గురూ మాతోపాటే వేశారు. పక్కింటివాళ్ళు భోజనాలు పట్టుకొచ్చారు. మా అత్తయ్య, అంటే పెద్దమ్మ ఆడపడుచు, వంటింట్లో జాడీ చూసి, "చావింట్లో పచ్చడి ఉంచుకోకూడదే, పారబొయ్యండి" అంది. ఎవరూ కదల్లేదు.

పెద్దమ్మ కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆ ఒక్కడే కొడుకు, నాకు అన్నయ్య. వరండాలో నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "ఏమే, ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమని నువ్వే చెప్పు. నీ మాటైతే వింటారు. అమ్మ ఉంది కాబట్టి సాగింది. రేపు వాళ్ళకేమన్నా అయితే హైదరాబాద్‌లో కూర్చుని నేనేం చెయ్యగలను?"

వాడు చెడ్డవాడు కాదు. వాడిదీ భయమే. ఈ వీధిలో వాళ్ళకి ఇంకో ఇల్లు ఎవరిస్తారని అడిగాను. తల పట్టుకుని కూర్చున్నాడు. చెప్పక తప్పదనుకుని, కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళాను.

వంటింట్లో గ్రైండరు తిరుగుతోంది. సెలాం జాడీలోంచి ముద్ద తీసి అందులో వేస్తోంది. ఎబెలె వెల్లుల్లి వలుస్తోంది. అమీనా మెంతిపిండి పట్టుకుని నిలబడి ఏడుస్తోంది, కారానికో దేనికో తెలియదు.

"ఈ రోజు మూడోరోజు అక్కా. ఈ రోజు రుబ్బకపోతే పాడైపోతుందని పెద్దమ్మ చెప్పింది" అంది సెలాం.

నెలాఖరు మాట పక్కన పెట్టాను. చేతులకి ఆముదం రాసుకుని నేనూ కూర్చున్నాను.

ఆ పూట అన్నయ్య కంచంలో ఆ పచ్చడే వడ్డించాను. మొదటి ముద్దకే వాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరు చేశారని అడగలేదు. ఇంకో రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండా, "పోనీ, ఈస్టర్ దాకా ఉండమను" అన్నాడు.

"ఏ ఈస్టర్ అన్నయ్యా?"

"ఎన్నుంటాయే?"

"ఈ ఏడు రెండు. మనది ముందు, సెలాంది తర్వాత వారం. అమీనా పండగ ఈలోపే వస్తుంది."

వాడు నా వంక అయోమయంగా చూశాడు. "అమ్మకి ఇవన్నీ తెలుసా?" అన్నాడు.

"దేనికి దానికి వండింది" అన్నాను.

జాడీ వైపు చూసి, "ఇంత పచ్చడి ఎన్నాళ్ళొస్తుంది?" అన్నాడు. ఏడాదికి పెట్టిందని చెప్పాను. చెయ్యి కడుక్కుని, స్టూలు వేసుకుని, జాడీని తనే పై అరలో పెట్టాడు. గుడ్డ ముడి వదులుగా ఉందేమోనని లాగి చూసి దిగాడు. ఖాళీ చేయించే మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని నాకు ఇప్పటికీ బెంగగానే ఉంది.

మర్నాడు అమీనా ఖర్జూరాలు కొనడానికి ఏరు దాటి విజయవాడ వెళ్ళింది. పొద్దు వాలింది, వీధి దీపాలు వెలిగాయి. నేను లోపల బట్టలు సర్దుకుంటున్నాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే అన్నయ్య. కుర్చీ గేటు దగ్గరికి జరుపుకుని సందు చివరికి చూస్తూ కూర్చున్నాడు.

"ఒసేయ్, అమీనా ఇంకా రాలేదే" అన్నాడు.