చెంబుకు తొడిగిన టోపీ

ఈరోజు పక్కింట్లో పోయిన నమాజు టోపీ గుడిలో దొరికింది.

పక్కింటి కాసిం సంస్థానం కచేరీలో జవాను. అతని భార్య బీబమ్మ తెల్లనూలుతో వారం రోజులు కూర్చుని ఆ టోపీ అల్లింది. పొద్దున దాన్ని ఉతికి, గుండ్రంగా నిలవాలని మా ఇత్తడి చెంబు అడిగి తీసుకుని, బోర్లించి, దానికి తొడిగి గోడ మీద ఆరబెట్టింది.

కోడేరు నుంచి వచ్చిన మా మేనత్తకు చూపు తక్కువ. గుడికి పాలు తీసుకెళ్లాలని చెంబు వెతికి, టోపీతో సహా తెచ్చుకుని, పాలు పోసి, టోపీని చెంబు మూతికి బిగించింది.

"ఎంత మంచి పిల్లరా! చెంబు ఇచ్చినందుకు మూత గూడ అల్లి పెట్టింది."

మగ్గం మీద తలవంచుకుని ఉన్న నేను చూడకుండానే ఊఁ కొట్టాను.

మధ్యాహ్నం కాసిం పరుగున వచ్చాడు. "అన్నా, జుమ్మాకు యాళ్లయింది, టోపీ కనవడ్తలేదు!"

ఉత్త తలతో నమాజుకు ఎలా నిలబడతాడు? నా రుమాలు చుట్టుకుని వెళ్లాడు. పొద్దున అత్త చెప్పిన మూత గుర్తొచ్చి నేను గుడికి పరుగెత్తాను. అక్కడ పూజారి మూతను మెచ్చుకుంటున్నాడు. "ఈగ గూడ దూరదు!"

అది కాసిం టోపీ అని చెబితే అత్త నమ్మలేదు. "మూత నెత్తికెట్ల పెట్టుకుంటడురా?"

బీబమ్మ పడీపడీ నవ్వి, పాలచుక్కలు పడిన టోపీని మళ్లీ ఉతికింది. మళ్లీ మా చెంబే అడిగింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి అత్త ఉంటే చెప్పండి, నాకు ధైర్యంగా ఉంటుంది. మా అత్త మాత్రం సాయంత్రం దాకా ఆ చెంబు పక్కనే కాపలా కూర్చుంది.

"జర చూస్కోరా, మూత ఎవరన్న ఎత్తుకపోతరు!"