ఆకాశం ఎవరి వాటా

మనవరాలు గోవాడ దారిలో చెరకు తోటను ఫోనుతో తీసి చూపించింది. పైన మబ్బులు, కింద ఆకులు, రెండూ తేటగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటి తాతా, బాగా రాలేదేటి?" అంది.

నా చిన్నప్పుడు పంపకాల్లో మా చెరకు తోట పెదనాన్నకు పోయింది. ఆ సాయంత్రమే నాన్న చోడవరం నుంచి స్టూడియో అతన్ని తీసుకొచ్చాడు. అతని రీలులో ఇంకొక్క ఫోటోకే చోటు మిగిలింది.

"వెలుగు ఎదురుగా ఉంది బాబూ. చెరుకు కనపడేలా తీస్తే ఆకాశం తెల్లగా పోతాది. మబ్బులు పడేలా తీస్తే చెరుకు నల్లగా అయిపోతాది. ఏది కావాలో సెప్పండి" అన్నాడతను.

పొద్దున పెద్దమనుషులూ అచ్చం ఇలాగే, ఇల్లు కావాలా తోట కావాలా అని అడిగారు. పిల్లలున్నారని నాన్న ఇల్లు తీసుకున్నాడు. వీడు ఆకాశాన్ని కూడా పంచడానికి వచ్చాడనుకున్నాను. కోపంతో రాయి విసిరి కెమెరా ముక్కలు చేశాను.

అబద్ధం. విసిరింది మట్టిగడ్డ, అది గట్టు కూడా దాటలేదు. "ఆకాశం మాది, పెదనాన్నకి ఇవ్వం!" అని అరిచింది మాత్రం నిజం.

"నోర్ముయ్ గుంటడా!" అని నాన్న కసిరాడు. తోట మీంచి చూపు తిప్పకుండానే స్టూడియో అతనితో అన్నాడు: "చెరుకే తియ్యి. ఆకాశం రేపూ ఉంటాది."

ఆ ఫోటో ఇంకా మా గోడ మీదే ఉంది. కింద ప్రతి ఆకూ కనిపిస్తుంది, పైన వట్టి తెలుపు.

మనవరాలి ఫోటో బాగానే వచ్చింది. ఏది కావాలని ఆ పిల్లను ఎవరూ అడగలేదు. మా నాన్నను ఒకే రోజు రెండుసార్లు అడిగారు.