గేమింగ్ మౌస్‌తో ఒక పూట

ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో తిరుపతిలో నాకూ ఒకటి ఉండేది. ఆటలాడే కాలేజీ పిల్లలు పక్కవీధి సెంటరుకు మళ్లుతున్నారని, వాళ్లకోసమే ఒక గేమింగ్ మౌస్ కొన్నాను. వారం తిరక్కముందే, ఒకరోజు పొద్దున తెరమీద బాణం గుర్తు పూనకం వచ్చినట్టు ఊగింది.

“సాయంత్రానికి బాగుచెయ్యన్నా, లేకుంటే ఆడికే పోతాం” అన్నారు పిల్లలు.

మౌస్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో వేగం తగ్గించాను, పెంచాను. బటన్లన్నిటికీ పనులు మార్చాను. మొత్తం తీసేసి రెండుసార్లు మళ్లీ ఎక్కించాను. కంప్యూటరు రీస్టార్ట్ అయిన ప్రతిసారీ నేను కాస్త షట్‌డౌన్ అయ్యాను.

నాలుగింటికి విసుగొచ్చి మౌస్‌ను తిరగేశాను. అడుగున ఎర్రగా వెలిగే కంటిమీద గంధం, కుంకుమ ఎండి ఉన్నాయి. ముందురోజు ఆయుధపూజకు బొట్లు పెట్టింది మా నాయన.

“మౌస్‌కి కింద పెట్టినావేంది నాయనా?”

“పోయినేడు పాత మౌస్‌కి పైన పెడితే చెయ్యికి అంటుకుంటాదని అరిసింది నువ్వే కదప్పా!”

తడిగుడ్డతో తుడిచాను. బాణం బుద్ధిగా నిలిచింది.

సాయంత్రం పిల్లలు వచ్చి ఆడి, “సాఫ్ట్‌వేర్ బలే సెట్ చేసినావన్నా” అన్నారు. నేను మార్చినవాటిలో ఏది ముందు ఎట్లా ఉండేదో నాకే గుర్తులేదు. ఔనని తలూపి, కుర్చీలో వెనక్కి వాలాను.