ఎక్కడ పట్టేసింది?

మా మావయ్యను ఎన్ని మాటలైనా అనండి, నవ్వుతూ పడతాడు. మెచ్చుకున్నారా, ఇక మిమ్మల్ని వదలడు. ఆయన కుట్టిన కోటు వేసుకుని ఎవరైనా "అద్భుతంగా ఉందండీ" అంటే చాలు, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఎక్కడ పట్టేసింది?" అని అడుగుతాడు.

"ఎక్కడా పట్టెయ్యలేదండీ. నిజంగా బాగుంది."

"నిజంగా అని ఎందుకన్నారు? నేను అబద్ధమన్నానా?"

అక్కడి నుంచి విచారణ మొదలు. కూర్చోమంటాడు, లేవమంటాడు, వంగి బూటు లేసు కట్టుకోమంటాడు. ఒకసారి బ్యాంకు మేనేజరు పొరపాటున "మీ చేతిలో ఏదో మహిమ ఉంది" అన్నాడు. పాపం, ఆయన్ను కొట్లో ఈ చివర నుంచి ఆ చివరకు పాకించాడు. చెమటలు కక్కుతూ ఆయన "కాలరు కాస్త గీరుకుంటోంది, ఒప్పుకుంటున్నాను" అన్నాక గానీ మావయ్య ముఖం విప్పారలేదు. "చూశావటే? నాకు ముందే తెలుసు" అన్నాడు నాతో. కొట్లో మావయ్య పక్క కుట్టుమిషను నాదే. మేనేజరు ఇంటికెళ్లాలని ఒప్పుకున్నాడే గానీ, ఆ కాలరుకు ఏ రోగమూ లేదు.

అత్తయ్యకు ఈ వరస గిట్టేది కాదు. "పొగిడిన నోళ్లన్నీ మూయించారు. ఇక మీ పేరు ఎవరు చెప్తారు?" అనేది.

అలాంటి మనిషికి వర్తక సంఘం వాళ్లు ఉత్తమ దర్జీ బహుమతి ప్రకటించారు. కబురు తెచ్చిన కార్యదర్శిని మావయ్య గుమ్మంలోనే నిలబెట్టాడు.

"నా పేరు ఎవరు చెప్పారు మీకు?"

"అందరూ చెప్పారండీ."

"అందరూ ఒకే మాట అన్నారంటే ముందే కూడబలుక్కున్నారన్నమాట."

"మీరు రాకపోతే మా పరువు పోతుందండీ!"

"అదీ సంగతి! ఇప్పుడు బయటపడింది."

రానని తేల్చేశాడు. భోజనాల దగ్గర అత్తయ్య కంచం పక్కకు జరిపి, "ఇన్నేళ్లూ మీరు కళ్లు పోగొట్టుకుని కుడుతుంటే చూశాను. ఒక్కసారి మైకులో మీ పేరు వింటే నాకు చాలు" అంది. మావయ్య ఆవిడ ముఖంలోకి అనుమానంగా చూశాడు. అందులో ఏమీ దొరకలేదు కాబోలు, సరేనన్నాడు.

సభలో బహుమతి ఇవ్వడానికి వచ్చినావిడ మా వీధి బడి పంతులమ్మ. ఆవిడ వేసుకున్న కొత్త కోటు మావయ్య కుట్టిందే. మైకులో ఆయన పేరు పలికి, "ఇంత చక్కటి కోటు నా జన్మలో వేసుకోలేదు" అంది. ముందు వరసలో అత్తయ్య కళ్లు మెరిశాయి. వేదిక మీద మావయ్య కళ్లద్దాలు జారాయి. నా గుండె జారింది.

"పంతులమ్మగారూ, కుడి చెయ్యి ఒకసారి పైకెత్తండి."

మైకులోంచి ఆ మాట హాలంతా వినిపించింది. జనం ఘొల్లుమన్నారు.

"ఇప్పుడెందుకండీ?"

"ఎత్తండి."

ఆవిడ నవ్వుతూ ఎత్తబోయింది. చెయ్యి భుజం దాకా రాకముందే ఆగిపోయింది. నవ్వూ ఆగిపోయింది.

"కొలతలిచ్చాక మెట్ల మీద పడ్డానండీ" అంది గొంతు తగ్గించి. "భుజం వాపు ఇంకా తగ్గలేదు. కోటు లేనప్పుడు చెయ్యి బాగానే లేస్తుంది, ఈ కోటులో మాత్రం కదలదు. తొడుక్కోవాలన్నా మా అమ్మ సాయం కావాలి. మీరింత కష్టపడి కుట్టారు, ఎలా చెప్పను?"

"మరి బోర్డు మీద?"

"ఎడమ చేత్తో రాస్తున్నాను. గదిలో చలికి కోటు తియ్యలేను. పిల్లలు నవ్వుతున్నారు."

మావయ్య ఆ కోటు నొప్పి కలగకుండా మెల్లగా విప్పించి, ఆవిడకు తన కోటు కప్పి, విప్పిన కోటుతో వేదిక దిగి కొట్టుకు వెళ్లిపోయాడు. బహుమతి బల్ల మీదే మిగిలింది. కార్యదర్శి బిక్కముఖం వేశాడు. నేనూ అత్తయ్యా దాన్ని మోసుకుంటూ వెళ్లేసరికి ఆయన భుజం కుట్లు విప్పుతున్నాడు.

మర్యాదకు నోరు మూసుకుని, ఇరుకు కోటులో ఊపిరి బిగబట్టి తిరిగే మనిషి ఒక్కరైనా ఉంటారేమోనని ఆయన అంతమందినీ పాకించేవాడని నాకప్పుడు అర్థమైంది.

"నా పేరు మైకులో వినిపించిందా?" అన్నాడు తలెత్తకుండా.

"వినిపించింది లెండి" అంది అత్తయ్య ముఖం ముడుచుకుని.

"నాకూ బాగానే అనిపించిందే. అదే అనుమానంగా ఉంది."

అత్తయ్యకు నవ్వాగలేదు. బహుమతిని దారపు ఉండల పక్కన నిలబెట్టింది. తీసెయ్యమని ఆయన అనలేదు.

చంక దగ్గర గుడ్డ కలిపాడు. లోపల నున్నగా జారే అస్తరు గుడ్డ వేశాడు. భుజం మీద కుట్టు బదులు బొత్తాలు పెట్టాడు. నచ్చక మళ్లీ విప్పాడు. చివరికి పంతులమ్మే ఆయన కోటులో మునిగిపోయి కొట్లోకి వచ్చింది.

"ఇన్ని రోజులా? ఈ కోటులో నన్ను చూసి పిల్లలు ఎవరి తాతయ్యో బడికొచ్చాడనుకుంటున్నారు!"

తిడుతూనే ఆ కోటు విప్పింది. తిడుతూనే తన కోటు అందుకుని ఒక్కతే తొడుక్కుంది. తిడుతూనే కుడి చెయ్యి తల పైకెత్తి గాల్లో ఆడించింది. ఆవిడ గమనించనేలేదు. నేను చెప్పబోతే మావయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండవే" అన్నాడు గొంతు తగ్గించి. "హాయిగా తిట్టనీ."