గేటు గదిలో ఫోను

“…చచ్చిపోయేటప్పుడైనా చెయ్యాలిగా సిలారూ? చెయ్యి చాపితే అందేంత దూరంలో ఫోనుంది. మంచం మీంచి లేవాల్సిన పని కూడా లేదు. అంత పట్టుదల మనిషి మా ఆయన.”

ఆ మాటంటూనే కోటిరత్నం టెలిఫోను బోర్డు మీద వెలిగిన లైటు నొక్కి, గొంతు మార్చి, “నమస్కారమండీ, గుంటూరు ఆఫీసు” అంది. అవతలివాళ్ళకి మిర్చి సెక్షను కలిపి మళ్ళీ తన గొంతులోకి వచ్చింది.

“ఏమంటున్నా?”

“పట్టుదల మనిషి అన్నావక్కా” అన్నాడు సిలార్, బల్ల కింద తీగల మధ్య నుంచి.

వింటూ పనిచెయ్యడం అతనికి అలవాటే. లాలాపేటలో రేడియోలు బాగుచేసే కొట్లో కూర్చుని, విప్పి చూసి, మళ్ళీ బిగించి, తనంతట తానే నేర్చుకున్న విద్య అతనిది. ఏ పెట్టె ఎందుకు అట్లా చేస్తుందో తెలిసేదాకా అతనికి నిద్ర పట్టదు. మనుషుల సంగతీ అంతే. ఎవరు ఏం చెప్పుకొచ్చినా చివరిదాకా వింటాడు, మధ్యలో అడ్డం రాడు.

ఆ కంపెనీది పత్తి, మిర్చి, పొగాకు వ్యాపారం. హెడ్డాఫీసు గుంటూరులో, పత్తి మిల్లు వినుకొండ అవతల, పొగాకు గోడౌను ఒంగోలులో. మూడుచోట్లా మూడు టెలిఫోను పెట్టెలు పెట్టి, వాటిని లైన్లతో కలిపారు. ఒక గదిలోంచి పక్క గదికి చేసినట్టు, ఒక ఊరినుంచి ఇంకో ఊరికి రెండు మూడు అంకెలు నొక్కితే చాలు. సెల్‌ఫోను అప్పటికి షావుకారు జేబులో తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

కార్తీకంలో తుపాను పట్టిన రోజున షావుకారు ఆ సెల్‌ఫోన్లోంచే మిల్లుకి చేశాడు. ఆరుబయట పత్తి రాసులు, వాటిమీద పట్టాలు కప్పించాలని ఆయన తొందర. ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. పత్తి తడిసి ముద్దయింది. “రోజంతా ఎవడితోరా ముచ్చట్లు?” అని మర్నాడు మిల్లు గుమాస్తా యలమందని చెడామడా తిట్టాడు. యలమంద ఆ రోజు అసలు మిల్లులోనే లేడు. దాంతో సిలార్‌ని పిలిపించారు. అతను రెండు విడతలు వినుకొండ వెళ్ళి చూసొచ్చాడు. ప్రతి ఫోనూ చక్కగా మోగింది. డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగిపోయినట్టుంది ఆ పెట్టె వరస.

ఇక దారి తోచక గుంటూరు బోర్డు దగ్గర కూర్చున్నాడు. అక్కడ కోటిరత్నం ఉంది.

ఆమె తండ్రి ఆ కంపెనీలోనే హమాలీగా మిర్చి టిక్కీలు మోశాడు. పదో తరగతి పాసయిన పిల్ల గొంతు బాగుందని పెద్ద షావుకారు ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆనాటినుంచీ కుర్చీ మారింది, బోర్డు మారింది, మనిషి మారలేదు. వినుకొండ దగ్గర బుల్లయ్యకిచ్చి పెళ్ళిచేశారు. అతనికున్న పొలంలో పత్తి వరసగా పురుగు పాలయ్యాక, ఆమే షావుకారుని బతిమాలి మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టించింది. అతను అక్కడ, ఆమె ఇక్కడ. శనివారం సాయంత్రం ప్యాసింజర్లో ఆమె వెళ్ళేది, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేది. పిల్లలు లేరు.

“మామూలు రోజుల్లో గేటు ఫోన్లోంచి నాకు కలవదు. మిల్లు ఆఫీసుకే పోద్ది. ఆఫీసులో యలమందని అడిగితే కలిపేవాడు. ‘ఏం బుల్లయ్యా, అమ్మగారి దర్శనం కావాలా?’ అని నలుగురిలో అనేవాడు. ఈయనకి సిగ్గు. అందుకని అమావాస్య కోసం కాసుక్కూర్చునేవాడు.”

“అమావాస్య ఏందక్కా?”

“అమావాస్యకి కూలోళ్ళు రారుగా. మిల్లుకి సెలవు. యలమంద పొద్దున్నే వచ్చి దీపం పెట్టి, మిల్లు ఫోన్లన్నీ ఇక్కడికి తిప్పి ఇంటికి పోయేవాడు. అప్పుడు గేటు గదిలోంచి ఈయన చేస్తే తిన్నగా నా బోర్డు మీదే మోగేది. ‘ఏం కూర?’ అని మొదలుపెట్టేవాడు. పొద్దస్తమానం అదే. నేనేమో ఇటు పార్టీలతో మాట్లాడాలి, అటు ఈయనతో. ఒకసారి చిన్న షావుకారు వెనకే నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు, నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.”

ఆమె కాసేపు తీగ మెలితిప్పుతూ కూర్చుంది.

“ఆ ఆదివారం వెళ్ళి చెప్పా. నేను బోర్డు మీద ఉన్నప్పుడు ఫోన్ చెయ్యమాకు, నా ఉద్యోగం పోద్ది అని. ‘ఆ బోర్డు చేతే పసుపుతాడు కట్టించుకోకపోయావా’ అన్నాడు. మాటా మాటా పెరిగింది. తర్వాత వచ్చిన అమావాస్యకి చెయ్యలేదు. మంచిదే అనుకున్నా. ఆ పై అమావాస్యకి పోయాడు. మాఘమాసం. గుండెపోటు అన్నారు. మర్నాడు యలమంద తలుపు తీస్తే మంచం మీద ఉన్నాడంట. ‘ఒక్క ఫోన్ చేస్తే కారు పంపేవాళ్ళం గదమ్మా’ అన్నారు షావుకారు. అందరూ అదే మాట. ఆ రోజంతా నేను ఈ కుర్చీలోనే ఉన్నా సిలారూ. ఒక్క లైటు వెలగలా.”

సిలార్ బల్ల కిందనుంచి బయటికి వచ్చాడు. ఆమె మొహం చూడలేక గోడవైపు చూశాడు. గోడకి క్యాలెండరు. తుపాను వచ్చిన తేదీ అతనికి గుర్తుంది. ఆ తేదీ పక్కన నల్లటి చుక్క ఉంది.

“అక్కా, ఇప్పుడు అమావాస్యకి మిల్లు ఫోన్లు ఇక్కడికి వస్తున్నాయా?”

“రావడంలా. ఎవరు చేస్తారులే అమావాస్య పూట.”

తర్వాతి అమావాస్యనాడు సిలార్ వినుకొండ మిల్లులో ఉన్నాడు. యలమంద దీపం పెట్టి, ఫోన్లు తిప్పే అంకెలు నొక్కుతుంటే పక్కనే నిలబడ్డాడు.

“ఎక్కడికి తిప్పుతున్నావు యలమందా?”

“ఒంగోలుకి. ఇదివరకు గుంటూరుకే తిప్పేవాణ్ణి. షావుకారుగారు వద్దన్నారు. అమావాస్యనాడు బేరం మాట హెడ్డాఫీసు గడప తొక్కకూడదంట. పోయిన సంక్రాంతి ముందునుంచీ ఇదే. ఒంగోలోళ్ళు ఉంటారుగా, వాళ్ళు చూసుకుంటారు.”

సిలార్ అక్కడినుంచే ఒంగోలు గుమాస్తాకి యలమంద చేత కంపెనీ లైను మీద చేయించి అడిగాడు. “మాకూ హమాలీలు రారు కదండీ” అన్నాడు ఆయన తాపీగా. “గుంటూరుకి తిప్పొద్దన్న షావుకారుగారి మాట మాకూ ఒకటే. అందుకని ప్రతి అమావాస్యకీ వినుకొండకి తిప్పేసి ఇంటికి పోతా, ఇప్పుడూ అదే పనిలో ఉన్నా. యలమందగారు ఉంటారుగా.”

ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరూ షావుకారు మాట జవదాటనివాళ్ళే. మూడు పెట్టెలకీ ఆదివారం తెలుసు. ఆ రోజు ఏ ఫోనైనా షావుకారు ఇంట్లో మోగేట్టు పెట్టారు. అమావాస్య మాత్రం వాటికి తెలియదు. అది మనుషుల చేతుల మీద నడిచేది.

సిలార్ గేటు గదిలోకి వెళ్ళాడు. కొత్త వాచ్‌మన్ టీకి పోయాడు. నవారు మంచం, తలవైపు గూట్లో ఫోను. రిసీవరు ఎత్తి ఆఫీసు నంబరు నొక్కాడు. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో ఆ పిలుపు మిల్లు ఆఫీసుకి వెళ్ళి, అక్కడినుంచి ఒంగోలు వెళ్ళి, ఒంగోలు నుంచి మళ్ళీ మిల్లుకి వచ్చి, తిరిగి ఒంగోలు దారి పట్టి ఉంటుంది. తర్వాత ఎంగేజ్ టోన్ మొదలైంది. పెట్టేసి ఇంకోసారి చేశాడు. ఈసారి నొక్కీ నొక్కగానే ఎంగేజ్. మూడుచోట్లా ఒక్కడూ మాట్లాడటం లేదు, అయినా ఎంగేజ్.

ఆఫీసులోకి వచ్చి చూస్తే పెట్టె మీద ఊళ్ళ మధ్య లైన్ల ఎర్ర లైట్లు రెండూ వెలిగి, ఆరకుండా నిలిచిపోయాయి. లైను బిగుసుకుపోయింది. కరెంటు తీసి పెడితేగాని అది వదలదు.

“ఇట్టా లైట్లు నిలిచిపోవడం ముందెప్పుడైనా చూశావా?”

“తుపాను మర్నాడు చూశా. తీసి పెడితే బాగయింది. నా మీద తిట్లు పడ్డాయని ఎవరికీ చెప్పలా.”

“అంతకుముందు?”

యలమంద ఆలోచించాడు. ఆలోచిస్తూనే అతని మొహం వాడిపోయింది.

“ఒకసారి… బుల్లయ్య పోయిన మర్నాడు. పొద్దున గుంటూరు కబురు చేద్దామంటే లైను లేదు. ఇదే, ఈ రెండు లైట్లే. తీసి పెట్టి చేశా. ఆ కంగారులో దాని సంగతి ఎవరు పట్టించుకుంటారండీ?” గేటు గదివైపు చూసి గొంతు తగ్గించాడు. “అయితే వాడు చేశాడంటారా?”

సిలార్ పెట్టెకి కరెంటు తీసి మళ్ళీ పెట్టాడు. తిరుగు ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, నరసరావుపేట దాటేదాకా ఒక్కటే ఆలోచించాడు. మొగుడు పంతం పట్టి చెయ్యలేదని ఆమె ఏడాదిగా కోపంతో బతుకుతోంది. ఆ కోపం మీదే లేచి, తయారై, బోర్డు ముందు కూర్చుంటోంది. దాన్ని తీసేస్తే ఆమెకి మిగిలేదేమిటి? చెప్పకుండా లైను బాగుచేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆమె అడుగుతుంది. అడిగితే అబద్ధమాడే నోరు తనకి లేదు.

మర్నాడు గుంటూరు బోర్డు దగ్గర ఆమె అడగనే అడిగింది.

“దొరికిందా?”

“దొరికిందక్కా.” అమావాస్య సంగతి, ఇద్దరు గుమాస్తాల సంగతి చెప్పాడు. లైట్ల సంగతి దగ్గర ఆగాడు. ఆమె బోర్డు మీద పనిచేసే మనిషి. ఆగిన చోటు ఆమెకి తెలిసింది.

“చెప్పు.”

చెప్పాడు.

బోర్డు మీద లైటు వెలిగింది. ఆమె చూసింది, నొక్కలేదు. అది వెలిగి వెలిగి ఆరిపోయింది. ఆ కుర్చీలో కూర్చున్నాక ఆమె ఒక పిలుపు వదిలెయ్యడం సిలార్ చూడటం అదే మొదలు.

“చేశాడన్నమాట” అంది.

“చేశాడక్కా.”

“వద్దన్నాక మళ్ళీ ఆ ఒక్కసారే చేశాడు.” ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎంగేజ్ వినుంటాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాననుకుని ఉంటాడు సిలారూ. పనిలో ఉన్నాననుకుని పెట్టేసి ఉంటాడు.”

సిలార్ తనకి తెలిసిన భాషలో చెప్పాడు. “షావుకారుతో మాట్లాడానక్కా. ఒప్పుకున్నాడు. గేటు గది ఫోన్ని ఇక ఎవరూ ఎటూ తిప్పలేరు. రేపు వెళ్ళి మారుస్తా. ఎత్తితే చాలు, నంబరు కూడా అక్కర్లేదు. అమావాస్యయినా, ఆదివారమైనా ముందు నీ బోర్డు మీదే మోగుద్ది. నువ్వు లేకపోతేనే షావుకారు ఇంటికి పోద్ది.”

ఆమె తలూపింది. కళ్ళు తుడుచుకుని, బోర్డు మీద దుమ్ము లేకపోయినా ఒకసారి తుడిచింది.

“రేపు పొద్దున బండికే వెళ్ళు. మార్చినాక యలమందని లోపలికి రానీయమాకు. గది తలుపు దగ్గరికేసి, ఆ మంచం మీద కూర్చుని ఫోన్ ఎత్తు. నేను ఇక్కడే ఉంటా, మధ్యాన్నం అన్నానిక్కూడా లేవను. నేను హలో అన్నాక లైను బాగుందక్కా అని వెంటనే పెట్టేయమాకు. నువ్వేం మాట్లాడక్కర్లా. కాసేపు అట్టా పట్టుకుని ఉండు. నేను పెట్టేసినాక పెట్టు.”